పద్నాలుగో రాక్‌లో మంచు

పొద్దున తొమ్మిదిన్నరకి రికార్డు గది తాళం తీయగానే శాలువా మేడం చేసే మొదటి పని చీపురు పట్టడం. ఏడో రాక్ కింద రాలిన ఇసుకని ఊడ్చి చేటకెత్తాలి. మూడో రాక్ కింద పెట్టిన బకెట్ నిండి ఉంటుంది, పారబోసి రావాలి. ఇరవై ఒకటో రాక్ దగ్గరికి వెళ్లేముందు శాలువా గట్టిగా చుట్టుకోవాలి. ఏ సైనికుడు ఏ చోట పనిచేస్తే ఆ చోటి వాతావరణం అతని ఫైలుకి ఉండేది. ఎడారి పటాలాల ఫైళ్లలోంచి ఇసుక రాలేది. రేవుల్లో కాపలా కాసినవాళ్ల ఫైళ్లు చెమ్మగా, ఉప్పు వాసన వేస్తూ ఉండేవి. మంచు కొండల వాళ్ల ఫైళ్లు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. అందుకే వాటిని అక్షరక్రమంలో కాకుండా వాతావరణాన్ని బట్టి సర్దారు. లేకపోతే ఒకదాని తడికి ఇంకొకటి పాడైపోదూ! కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఒక చీపురు, ఒక బకెట్, ఒక శాలువా ఇచ్చి సంతకం పెట్టించుకునేవారు. మిగతావాళ్ల శాలువాలు ఎప్పుడో గల్లంతయ్యాయి. ఈవిడది మాత్రం పందొమ్మిదేళ్లుగా భుజం దిగలేదు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఆ సోమవారం పదకొండింటికి కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన, ఆయన కూతురు వచ్చారు. పెద్దాయన చేతిలో కర్ర, ఎడమ పాదానికి లావుపాటి కట్టు. కూతురు బట్టల కొట్టులో పనిచేస్తుంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చిన హడావిడి మొహంలోనే ఉంది.

"మా నాన్న కాలు మేడం," అంది కూతురు, సంచిలోంచి కాగితాలు తీస్తూ. "సైన్యంలో ఉన్నప్పుడే మూడు వేళ్లు పోయాయి. ఇప్పుడు అక్కడ పుండు పడి పైకి పాకుతోంది. ఇక్కడి ఆస్పత్రిలో మోకాలి కింద దాకా తీసేయాల్సిందే అంటున్నారు. సైనికుల ఆస్పత్రిలో ఇలాంటి పాత గాయాలు చూసే సర్జన్ ఉన్నారు. ఆయనేమో కాలు నిలబెడతాను, గురువారం పొద్దున తీసుకురండి అన్నారు. కానీ..."

"గాయం డ్యూటీలో తగిలినట్టు రికార్డులో ఉండాలి. అంతేగా?" అంది శాలువా మేడం.

కూతురు ఒక నకలు కాగితం ముందుకు తోసింది. పనిచేసిన చోటు: మైదానం డిపో. గాయం: స్వంత అజాగ్రత్త వల్ల సామాన్ల పెట్టె కాలి మీద పడి.

"పెట్టె లేదు, పాడూ లేదు," అన్నాడు పెద్దాయన. "ఆ చలికాలమంతా నేను కొండ మీద పోస్టులో ఉన్నాను. టెలిఫోన్ తీగ నా డ్యూటీ. మంచులో కూరుకుపోయినప్పుడల్లా తవ్వి పైకి తీయాలి. ఆరుగురం ఉండేవాళ్లం..."

"నాన్నా, ఇక్కడ కూడా మొదలుపెట్టకు." కూతురు కిటికీలోకి వంగి గొంతు తగ్గించింది. "చిన్నప్పటి నుంచీ ఇదే చెప్తారు మేడం. నేను స్కూల్లో అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. పదో తరగతిలో ఉండగా బీరువాలో ఈ కాగితం కనపడింది. ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు. ఏదైతేనేం, నాకు కాలు కావాలి."

పెద్దాయన గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు. వినపడనట్టు ఉండటం ఆయనకి బాగా అలవాటైనట్టుంది. శాలువా మేడం ఆ నకలు ఇంకోసారి చదివింది. కోతలు కోసేవాళ్లని ఆవిడ బోలెడంత మందిని చూసింది. వాళ్లు తుపాకుల గురించి చెప్తారు గానీ తీగ తవ్వడం గురించి చెప్పరు.

"మీతో ఉన్నవాళ్లెవరైనా వచ్చి సాక్ష్యం చెప్తారా?"

"ఎవరూ మిగల్లేదు తల్లీ. చివరివాడు కూడా పోయిన ఏడాది వెళ్లిపోయాడు."

"మరి మీ పేరు డిపోలో ఎలా పడింది?"

పెద్దాయన మొహం కాస్త విచ్చుకుంది. "అదంతా మా వంటాయన చలవ. కొండ మీద పోస్టుకి డబ్బాల తిండే రాసిపెట్టారు. తాజా కూరగాయలు డిపోలో ఉన్నవాళ్లకే. ఆయన మా ఆరుగురి పేర్లూ డిపో వంటశాల జాబితాలోంచి కొట్టేయలేదు. మా వాటా ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కంచరగాడిద మీద కొండెక్కించేవాడు. ఆయనే లేకపోతే మేం చలికి కాదు, ఆ డబ్బాలకే పోయేవాళ్లం."

శాలువా మేడంకి విషయం అర్థమైపోయింది. పాతకాలం గుమాస్తాలు ఎవరు ఎక్కడ పనిచేశారో రాయడానికి ఆర్డర్లు వెతికేవాళ్లు కాదు. ఆర్డర్లు పోతాయి. వంటశాల జాబితాలు పోవు. ఏ జాబితాలో పేరుంటే ఆ చోట పనిచేసినట్టే లెక్క. ఒక మంచి మనిషి ఉల్లిపాయలు పంపినందుకు ఆరుగురు కొండ మీది నుంచి కాగితాల్లో కిందికి దిగిపోయారు. దీనికి ఎవరిని తిట్టాలో ఆవిడకి తోచలేదు.

పద్నాలుగో రాక్ మైదానం డిపోది. తలుపు తీస్తే చాలు వడగాలి మొహానికి కొడుతుంది. ఆఫీసు వాళ్లు మధ్యాహ్నం క్యారియర్లు అందులోనే పెట్టి వేడి చేసుకునేవాళ్లు. శాలువా మేడం క్యారియర్లు పక్కకి జరిపి నంబరు వెతికింది. ఆ నంబరు చోటు ఖాళీగా ఉంది. వెనకాల అటెండరు బాబాయి అటూ ఇటూ తచ్చాడుతున్నాడు.

"ఏ నంబరమ్మా?"

ఆవిడ చెప్పింది. బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. వంగి అట్టడుగు అరలో, వెనక మూల, గోనెగుడ్డ కప్పిన చోటు చూపించాడు. కరిగిన నీళ్లు పీల్చి బరువెక్కిన గుడ్డ తీస్తే నాలుగు నీళ్ల సీసాలు, వాటి మధ్యలో ఒక ఫైలు. దాని తాడు మీద సన్నగా మంచు పేరుకుని ఉంది.

"ఇరవై రెండేళ్లయిందమ్మా," అన్నాడు బాబాయి తల వంచుకుని. "ఎండ రాక్‌లో చెయ్యి పెడితే ఇది చల్లగా తగిలింది. ఇరవై ఒకటిలో పెడితే నీళ్లు గడ్డకట్టి సీసాలు పగిలిపోతాయి. ఇక్కడైతే వేడీ చలీ కలిసి సరిగ్గా తాగేట్టు ఉండేవి. పైవాళ్లకి చెప్తే ఫైలు పట్టుకుపోతారని చెప్పలేదు."

శాలువా మేడం ఒక సీసా పట్టుకుని చూసింది. పందొమ్మిది ఎండాకాలాలు ఆవిడా బాబాయి తెచ్చిచ్చే ఆ నీళ్లే తాగింది. ఎండ రాక్ పక్కన కూర్చునే మనిషికి అంత చల్లటి నీళ్లు ఎక్కడివని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

ఫైలు లోపలి కాగితాలు బిరుసెక్కి అప్పడాల్లా ఉన్నాయి. చివర్లో డాక్టరు రాసిన పేజీ ఉంది: చలికి నల్లబడి చచ్చిన వేళ్లు, మూడు తీసివేయడమైనది. దాని మీద ఎవరో పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి పక్కన రాశారు: మైదానం డిపోలో చలి లేదు. మరి వేళ్లు పోవడానికి ఏదో ఒక కారణం ఉండాలి కాబట్టి, ఒక పెట్టెని తెచ్చి ఆ కాలి మీద పడేశారు.

సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు, ఒట్టి పిరికివాడు. ఉద్యోగం ఇంకా ఏడు నెలలుంది. ఫైలు చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్లజోడు మసకబారింది. తుడుచుకుని పెట్టుకున్నాడు. మళ్లీ మసకబారింది.

"ఇద్దరు సాక్షులు కావాలి, లేదంటే అప్పటి ఆర్డరు కాగితం. చలి డాక్యుమెంటు కాదమ్మా."

"ఇది కొండ ఫైలని మీకు తెలుస్తూనే ఉంది కదా సార్."

"తెలుస్తోంది. తెలిసినట్టు ఏ కాలమ్‌లో రాయను? రేపు ఆడిట్ వాళ్లు వచ్చి అడిగితే నువ్వు చెప్తావా?"

ఆవిడ ఫైలు తీసుకుని సీటులోకి వచ్చింది. పెద్దాయన బెంచీ మీద కూర్చుని, కట్టు ఉన్న కాలు రెండు చేతులతో ఎత్తి పక్కకి పెట్టుకుంటున్నాడు. మీరు ఇంటికి వెళ్లండి, గురువారం పొద్దున నేనే ఆస్పత్రికి వస్తాను అని నోరు జారి చెప్పేసింది. ఏం పట్టుకుని వెళ్తుందో ఆవిడకే తెలియదు.

మంగళవారమంతా నిబంధనల పుస్తకంతోనే గడిచింది. సవరణల అధ్యాయం మూడుసార్లు తిరగేసినా ఎక్కడా సందు దొరకలేదు. బుధవారం పొద్దున వచ్చి చూస్తే, ఆదమరిచి బల్ల మీదే వదిలేసిన ఫైలు కరిగి, కింద ఉన్న రెండు వేరే ఫైళ్ల అట్టలు తడిసి ముద్దయ్యాయి. నెత్తి కొట్టుకుంటూ వాటిని ఆరబెడుతుంటే ఆవిడకి రాక్ మార్పు చీటీ గుర్తొచ్చింది. అరచేతంత చీటీ అది. వాతావరణం సరిపడని ఫైలు పక్క ఫైళ్లని పాడుచేస్తుంటే గుమాస్తా దాన్ని వేరే రాక్‌లోకి మార్చవచ్చు. కారణం రాయాలి, కళ్లారా చూసిన ఇంకో ఉద్యోగి సంతకం ఉండాలి. ఫైలు ఏ రాక్‌లో ఉంటే, అక్కడి నుంచి ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆ రాక్ ముద్రే పడుతుంది. పనిచేసిన చోటుకి ఆ ముద్రే ఆధారం.

ఆవిడ కారణం రాసింది: ఫైలు నుంచి మంచు కరిగి పక్క ఫైళ్లు తడుస్తున్నవి.

"ఎప్పటి నుంచి చూస్తున్నావో కూడా రాయాలి బాబాయ్. రాస్తే నీకు మెమో రావచ్చు."

బాబాయి పెన్ను అందుకున్నాడు. "ఆయన కాలు పుచ్చిపోతుంటే నేను నీళ్లు చల్లబెట్టుకున్నానమ్మా," అన్నాడు. ఇరవై రెండేళ్లు అని అంకెలో, అక్షరాల్లో రెండుసార్లు రాసి సంతకం పెట్టాడు.

సూపరింటెండెంటు ఆ చీటీని మూడుసార్లు చదివాడు. "ఇది సర్వీసు సవరణ కాదు కదా?"

"కాదు సార్. ఫైళ్ల సంరక్షణ."

"అయితే అది మన డ్యూటీయే," అని సంతకం గీకేసి, ఎవరైనా చూశారా అన్నట్టు తలుపు వైపు చూశాడు. మెమో మాట ఎత్తలేదు.

ఇరవై ఒకటో రాక్‌లో పెట్టగానే ఫైలు కుదుటపడింది. తాడు మెత్తబడింది, కాగితాల బిరుసు పోయింది, నీళ్లు కారడం ఆగింది. చలి మాత్రం అలాగే ఉంది. సర్టిఫికెట్ మీద మంచు కొండ పోస్టు అని ముద్ర పడింది. కొండ మీద ఉన్న మనిషి మీద డిపోలో పెట్టె పడే వీల్లేదు కాబట్టి ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పెన్సిల్ గీత చెరిపేస్తే డాక్టరు మాట ఒక్కటే మిగిలింది.

సర్టిఫికెట్‌తో పాటు అసలు ఫైలు కూడా ఆస్పత్రికి చూపించాలి. మంచు ఫైళ్లని పోస్టువాళ్లు తీసుకోరు, ఒకసారి సంచిలోని ఉత్తరాలన్నీ తడిసిపోయాయట. గురువారం పొద్దున శాలువా మేడం ఫైలుని రెండు తువ్వాళ్లలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో బయల్దేరింది. పక్క సీటావిడ ఉక్కపోతకి దగ్గరగా జరిగి కూర్చుంది.

తండ్రీకూతుళ్లు అప్పటికే వరండాలో ఉన్నారు. ఫారం నింపడానికి వెళ్తూ ఆవిడ ఫైలుని కూతురి చేతిలో పెట్టింది. "కాస్త పట్టుకోమ్మా."

తిరిగి వచ్చేసరికి కూతురు తువ్వాళ్లు విప్పి డాక్టరు పేజీ చదువుతోంది. వేళ్లు ఎర్రగా కందిపోయినా ఫైలు కింద పెట్టలేదు. ఒకసారి దాన్ని చెంపకి ఆనించుకుంది. తర్వాత తండ్రి పాదం వైపు చూసి, తల తిప్పుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పదో తరగతి నుంచి ఇప్పటిదాకా ఆ మనిషిని నోరెత్తనివ్వని రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి కాబోలు.

ఆ సర్జన్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెద్దాయన కాలు మోకాలి కిందా పైనా చెక్కుచెదరకుండా ఆయనతోనే ఉండిపోయింది. అది తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం కౌంటరు ముందు పొడుగాటి వరుస ఉంది. వీళ్ల వంతు వచ్చేసరికి లోపల రాసుకునే ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"గాయం ఎలా తగిలింది?"

కూతురి ముందు కొండ మాట చెప్పీ చెప్పీ విసిగిపోయిన పెద్దాయన, గొడవెందుకన్నట్టు గొంతు సవరించుకున్నాడు. "పెట్టె పడి..."

"కాదు," అంది కూతురు, ముందుకొచ్చి ఫైలుని కౌంటరు మీద పెడుతూ. "మంచు కొండ మీద పోస్టులో. డ్యూటీలో. రాసుకోండి. టెలిఫోన్ తీగ మా నాన్న డ్యూటీ. మంచులో కూరుకుపోతే మోకాళ్ల మీద కూర్చుని తవ్వి తీసేవారు. ఆరుగురు ఉండేవాళ్లు. కింద వంటాయన కంచరగాడిద మీద ఉల్లిపాయలు పంపేవారు..."

పెద్దాయన కర్ర వదిలేసి రెండు చేతులతో కౌంటరు అంచు పట్టుకున్నాడు. దాచుకోకుండా ఏడుస్తున్నాడు. వెనక వరుసలో ఎవరూ తొందర పెట్టలేదు.

"అంతా ఈ గడిలో పట్టదమ్మా," అన్నాడు కౌంటరాయన, ఈసారి తల ఎత్తి.

"పట్టినంత రాయండి," అంది కూతురు. "మిగతాది నేను చెప్తాను."