ఏది, ఎంత, ఏది వదిలేస్తావ్?

ప్లాస్టిక్ పాచికలు రెండు జతలు కరిగి ముద్దయ్యాక పిన్ని ఇత్తడివి చేయించింది. అవీ వేడెక్కుతాయి గానీ ఆకారం మారవు. కుంపటి వేసిన పాచికని మిగతావాళ్ళు ముట్టుకోవాలంటే పట్టకారు కావాలి. ఆ పట్టకారు ఆటపెట్టెలోనే ఉంటుంది, పెన్సిళ్ళ పక్కన, అదేదో ఎప్పటినుంచో ఆటసామాను అన్నట్టు.

కుంపటి అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. పదహారేళ్ళ పిల్ల. ఒళ్ళు మండితే ఆ పిల్లకి చేతులు మండుతాయి. మాటవరసకి కాదు, నిజంగానే. పిన్ని కూతురు గాలిపటానికి పద్నాలుగేళ్ళు. ఉలిక్కిపడిందంటే నేల వదిలేస్తుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇంట్లో ఫ్యాన్ తిరగదు, ఎవరికెంత చెమట పట్టినా సరే.

పిన్ని బస్టాండులో మైకు ముందు కూచుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పే మనిషి. ఆట నడిపేదీ ఆ గొంతుతోనే. పిల్లలు కాగితం మీద ఒక్కో వీరుణ్ణి రాసుకుంటారు. పిన్ని కథ చెప్తుంది, వీరులు ఏం చేస్తారో పిల్లలు చెప్తారు, అయ్యిందా లేదా పాచిక తేలుస్తుంది. కాగితం మీద ఊరు తగలబడితే మళ్ళీ ఎవరూ చీపురు పట్టక్కర్లేదని పిన్ని సిద్ధాంతం.

మొదటి నెలలో కుంపటి వీరుడు ఒక్క దొంగ కోసం గోదాము మొత్తం బూడిద చేశాడు.

"ప్రయాణికులకు గమనిక," అంది పిన్ని. "దొంగ దొరికాడు. గోదాము దొరకలేదు."

అప్పుడు పుట్టింది నియమం. పాచిక ముట్టుకునే ముందు మూడు చెప్పాలి. ఏది కాలుస్తావ్, ఎంత కాలుస్తావ్, ఏది వదిలేస్తావ్. మూడోది చెప్పకపోతే పాచిక ఇవ్వదు. చెప్పి వేశాక ఒకటి పడిందా, వదిలేస్తానన్నది కూడా పోయినట్టే.

డాక్టరు దగ్గర్నుంచి ఎదురింటి ఆవిడ దాకా అందరూ కుంపటికి చెప్పేది ఒకటే: శాంతించమ్మా, మంచినీళ్ళు తాగమ్మా. రెండేళ్ళలో ఆ పిల్ల తాగిన మంచినీళ్ళకి చిన్న చెరువు నిండేది. కోప్పడొద్దని ఒక్కసారి కూడా అనని మనిషి పిన్ని ఒక్కతే. "కోపం నీది, ఉంచుకో. ఎక్కడ పెడతావో చెప్పు చాలు," అనేది.

ఈ ఆదివారం ఆటకి ఒక ప్రేక్షకురాలుంది.

బళ్ళో మూడో బెంచీ మాడాక, ఇలాంటి పిల్లల్ని ఉంచే శిక్షణాలయానికి కబురెళ్ళింది. రాతి మంచాలు, ఇనప కంచాలు, నెలకొకసారి అమ్మానాన్నల దర్శనం, మూడేళ్ళు. అక్కణ్ణుంచి పర్యవేక్షకురాలు వచ్చి గంటసేపు కూచుంటుంది. గంటలో ఏదీ కాలకపోతే కుంపటి ఇంట్లోనే ఉండొచ్చు. కాలితే తండ్రి సంతకం, మర్నాడు పొద్దున వ్యాను.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆరింటిదాకా డ్యూటీ. వెళ్ళేముందు మొగుణ్ణి చూసి, "నేనొచ్చేదాకా ఏ కాగితం మీదా ఏదీ గియ్యకండి," అని మరీ వెళ్ళింది. నాన్న తలూపాడు. కుంపటి భుజం తట్టి, "నీ మీద నాకు నమ్మకముందే, ఏం కాదులే," అన్నాడు.

నాన్నకి జిరాక్సు కొట్టు. కాగితం కనబడితే లామినేషన్ చెయ్యకుండా ఉండలేడు. గ్యాసు బిల్లు, వాషింగ్ మెషీన్ గ్యారంటీ, కుంపటి ఒకటో క్లాసులో గీసిన ఏనుగు, అన్నీ ఆ ఇంట్లో చెమ్మ తగలకుండా చిరంజీవులై ఉన్నాయి.

నలభై నిమిషాలు బాగానే గడిచాయి. కథలో బస్సు కాలవలోకి ఒరిగింది, వెనక తలుపు తాళం బిగుసుకుంది, లోపల జనం.

"తాళం నాలుక," అంది కుంపటి. "వేలి మందం. తలుపు వదిలేస్తా. తలుపు పట్టుకున్న ముసలాయన చెయ్యి కూడా."

ఐదు పడింది, తాళం ఒక్కటే తెగింది. పర్యవేక్షకురాలు పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిడ మొహం చూసి ఏం రాసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇంతలో కాఫీ తెస్తున్న నాన్న చేతిలోంచి ట్రే జారింది. గాలిపటం సర్రున లేచి నెత్తి కప్పుకి కొట్టుకుంది.

"అబ్బా! పెదనాన్నా, చెప్పి పడెయ్యొచ్చుగా!" అని నెత్తి రుద్దుకుంటూ పక్కకి చూసింది. "అక్కా, అల్మరా మీద నీ కాగితమేదో ఉంది. మెరుస్తోంది."

"అది పాత కరెంటు బిల్లు," అన్నాడు నాన్న, మరీ తొందరగా.

"కరెంటు బిల్లుకి అక్క ఫొటో ఎందుకంటించారు?"

గాలిపటం వేలు తగిలి కాగితం పైనుంచి ఊగుతూ వచ్చి టేబుల్ మీద, పాచికల పక్కన వాలింది. శిక్షణాలయం ఫారం. కింద నాన్న సంతకం, ఆ చివర తోకతో సహా. పక్కన తేదీ. నిన్నటిది. పైన దళసరి ప్లాస్టిక్.

కుంపటి దాన్ని రెండుసార్లు చదివింది. పొద్దున భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది. తట్టేటప్పటికే ఆ చెయ్యి పని కానిచ్చేసిందన్నమాట.

"ముందు జాగ్రత్తకే..." అన్నాడు నాన్న. "తడిస్తే పాడవుతుందని..."

"నన్ను పంపించే కాగితం తడవకూడదని లామినేషన్ చేశావా నాన్నా?"

చేతిలో పెన్సిలు పొగలు కక్కింది. పర్యవేక్షకురాలు కుర్చీ వెనక్కి జరుపుకుంది. నాన్న మంచినీళ్ళ గ్లాసు అందుకుని, "శాంతంగా ఉండమ్మా," అన్నాడు.

"ఆ గ్లాసు కింద పెట్టు! ఇంకొక్కసారి నాకు నీళ్ళిచ్చావంటే చూడు!"

కడుపులో మొదలైన మంట మోచేతులు దాటింది. ఆ క్షణాన ఆ పిల్లకి టేబులూ కనబడలేదు, గోడలూ కనబడలేదు. అల్మరా, కొట్టు, ఆ మెషీను, చెమ్మ తగలని ఏనుగు, అన్నీ ఒక్కసారిగా ఊడ్చిపెట్టుకు పోవాలనిపించింది. మొత్తం గోదాము.

"ప్రయాణికులకు గమనిక," అంది పిన్ని. పాచిక తన ముందుకి లాక్కుంది. "ఏది?"

కుంపటి పళ్ళు బిగించింది. పెన్సిలు వదిలేసింది.

"సంతకం."

"ఎంత?"

"తోక చివరి దాకా. చుక్క ఎక్కువ కాదు."

"ఏది వదిలేస్తావ్?"

"తేదీ. అందరూ చదవాలి."

పిన్ని పాచిక తోసింది. కుంపటి వేసింది. ఒకటి పడింది. కప్పుకి అతుక్కున్న గాలిపటం కళ్ళు మూసుకుంది.

"అది ఆటకి," అంది కుంపటి, బొటనవేలు కాగితం మీద పెట్టి.

ప్లాస్టిక్ బుడగలా ఉబ్బింది. సిరా గోధుమరంగుకి తిరిగింది, నల్లబడింది, చిల్లయింది. వేలు తీసింది. పైన 'తండ్రి' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. పక్కన తేదీ కడిగిన ముత్యంలా ఉంది.

"ఏదీ కాలకూడదన్నది షరతు," అంది పర్యవేక్షకురాలు.

"కాలింది మేడమ్. నేనే కాల్చా. మీ ముందే చెప్పి మరీ కాల్చా. ఇంకా కోపంగానే ఉన్నా, అది కూడా రాసుకోండి."

ఆవిడ ఫారం ఎత్తి చిల్లులోంచి కిటికీ వైపు చూసింది. తర్వాత తేదీ చూసింది. "నేను చూడ్డానికొచ్చింది ఇవాళ కదండీ," అంది నాన్నతో. సంచీలోంచి ఖాళీ ఫారం తీసి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది. "షరతు తప్పింది, మీరు పెట్టొచ్చు. పెట్టకపోతే, చెప్పినంతే కాల్చగలదని బడికి నేను రాస్తాను. దీన్ని మాత్రం లామినేషన్ చెయ్యకండి, ముద్ర పడదు."

నాన్న పెన్ను అందుకున్నాడు.

"పెట్టు నాన్నా," అంది కుంపటి. రెండు అరచేతులూ టేబుల్ మీద వెల్లకిలా పెట్టింది. ఎర్రగా ఉన్నాయి. "నేను చూస్తుండగా పెట్టు."

"నాకు భయమేసిందే..."

"భయమేస్తే నాకు చెప్పాలి. అల్మరాకి కాదు."

ఆయన చాలాసేపు ఆ చేతుల వైపే చూశాడు. పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. పర్యవేక్షకురాలు ఖాళీ ఫారం మడిచి సంచీలో వేసుకుని, గాలిపటానికి తల పైకెత్తి వెళ్ళొస్తానని చెప్పి, వెళ్ళిపోయింది.

పిన్ని పట్టకారుతో పాచిక తీసి పక్కన పెట్టింది. కాసేపటికి నాన్న, మెల్లిగా, చిల్లు పడ్డ ఫారం మీద చెయ్యి వేశాడు, తీసి ఎక్కడైనా పెడదామని.

"అక్కడే ఉంచు," అంది కుంపటి. "ఆరింటికి అమ్మొస్తుంది. చదువుకుంటుంది."

నాన్న గోడ గడియారం చూశాడు. ఐదూ పది. మొదటిసారి ఆయన మొహంలో అసలు భయం కనబడింది.

"పిన్నీ, నాన్నకి చోటియ్యి," అంది కుంపటి, కుర్చీ కాలితో లాగుతూ. "అమ్మకి ఏం చెప్తాడో, ఎంత చెప్తాడో, ఏది వదిలేస్తాడో, ఇప్పట్నించే సాధన చెయ్యాలి."