నాలుగో మంచం దగ్గర సీసా

"ఆ చేతులతో కూరగిన్నె ముట్టుకోకమ్మా" అంది అత్తగారు. అదే నోటితో, అంట్లు మాత్రం తోమి వెళ్లమంది.

ఆసుపత్రి చేతులు వంటకు పనికిరావు, అంట్లకు పనికొస్తాయి. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఇదేం న్యాయమని ఆమె అడగలేదు. నర్సుగా వార్డులో రోజుకు అరవైసార్లు కడిగిన చేతులవి. గిన్నెల సబ్బు పగుళ్లలోకి దిగి చురుక్కుమంటే పళ్ల బిగువున తోముతుంది. మొగుడికి ఆ గరుకు గిట్టదు. ఒకసారి తన భుజం మీంచి ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టాడు, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువును జరిపినట్టు.

ఇప్పుడు వార్డుకీ ఆ చేతుల మీదే అనుమానం. వారంలో ముగ్గురికి ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి. పెద్ద సిస్టర్ నర్సుల్ని వరసగా నిలబెట్టి, గోళ్లు చూసి, అరచేతుల మీద దూదిపుల్లలు రాసి పరీక్షకు పంపింది. డాక్టర్ల చేతుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

పగుళ్లలో క్రిములు దాక్కుంటాయని చదువుకున్న మనిషి. అన్నం సయించలేదామెకు. నాలుగో మంచం మీద తుంటి విరిగిన పెద్దావిడ ఉంది. ఆవిడ కుట్లు ఇంకా శుభ్రంగానే ఉన్నాయి. మొన్న ఆవిడ దిండు కింది క్రీము డబ్బా తీసి, ఏమీ అడక్కుండా ఆమె వేళ్లకు రాసింది. "నన్ను లేపీ లేపీ ఇలా అయ్యాయి" అంది. మళ్లీ కడుక్కోవాలని తెలిసీ ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. తనవల్లే ఈవిడకూ చీము పడితే?

ఆమె అనుమానం తన దగ్గరే ఆగలేదు. నాలుగో మంచానికి తగిలించిన, క్రిములు చావడానికి చేతులకు రాసుకునే మందు సీసా మీద, మందు ఎంతవరకుందో అక్కడ ప్లాస్టరు ముక్క అంటించింది. తను కట్టు మార్చినప్పుడల్లా మందు దిగేది, ముక్కనూ అక్కడికి దించి అంటించేది. పెద్ద డాక్టరు వచ్చి వెళ్లాక మాత్రం, మూడు రోజులూ, మందు వెంట్రుకవాసి కూడా దిగలేదు. మూడో మంచం కట్టు ఎత్తి చూసిన వేళ్లతోనే ఆయన నాలుగోదీ ఎత్తేవాడు.

పెద్ద సిస్టర్‌కి చెబితే అటూ ఇటూ చూసింది. ఆయన హస్తవాసి ఊరంతటికీ తెలుసంది, ముందు నీ రిపోర్టు రానీ అంది.

మర్నాడు పొద్దున మూడో మంచం దగ్గర్నుంచి ఆ వేళ్లు ఇటు రాగానే, ఆమె సీసా తీసి కట్టుకు అడ్డంగా పట్టుకుంది.

"ముందు చేతులు, సార్."

"నీ రిపోర్టు వచ్చిందా?"

"రాలేదు సార్. అయినా ముందు చేతులు."

పెద్దావిడ దిండు మీద తల తిప్పింది. "రాసుకో నాయనా. ఆ పిల్ల చేతులు చూడు, రాసుకుంటే ఎవరూ చచ్చిపోలేదు."

ఆయన రాసుకున్నాడు. ముక్క కిందికి దిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గిన్నెలు సింకు నిండా ఉన్నాయి. మొగుడు సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని, ఒక్కో పగులుకీ నిదానంగా క్రీము రాసుకుంది. అత్తగారు గిన్నెల వంక చూసింది, ఆమె వంక చూసింది.

"రేపు కట్టు విప్పాల్సిన చేతులు అత్తయ్యా, ఇవి మానాలి. అంట్లు మీ అబ్బాయి తోముతారు. ఆయన చేతులు మెత్తగా ఉన్నాయి."