ఉన్నచోటే ఉందండి

హాలు గోడకు ప్యానెళ్లు కొట్టించాలి. టెంటుహౌసులో ఎనభై కుర్చీలు చెప్పాలి. చర్చి అయ్యగారికి కారు పంపాలి. బిర్యానీ పురమాయించాలి. వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టించాలి. అత్తయ్యగారి ఫోటో తుడవాలి.

ఫ్రిజ్ మీద విజయకుమారి అంటించిన ఈ కాగితంలో, ప్రార్థన కూటం నాటి ఉదయానికి, చివరిది తప్ప అన్నిటికీ టిక్కులు పడ్డాయి.

తల్లి అచ్చాయమ్మ పోయి పదేళ్లయింది, జ్ఞాపకార్థ కూటం పెట్టాలన్నది రిటైరైన మాస్టారు సీమోను ఆలోచన. వచ్చినవాళ్లు హాలు గోడకున్న ఈ చెమ్మ పెచ్చులు చూస్తారా అన్నది ఆయన భార్య విజయకుమారి ఆలోచన. రెండో ఆలోచనే ముందు అమలైంది.

పంటకాలవ పక్క ఇల్లు. నీరు గోడెక్కకుండా ఉండదు. గోడ ఆరాక కొట్టించుకోమని మేస్త్రి చెబితే, "అది ఆరేసరికి మా అత్తయ్యగారికి ఇరవయ్యో ఏడు వస్తుంది" అందావిడ. సీమోను రామచంద్రపురంలో కూతురింట్లో ఉన్న మూడు రోజుల్లో, అమలాపురం నుంచి ప్యానెళ్ల వీరబాబు మనుషులతో దిగి, గోడంతా పాలరాయిలా మెరిసే ప్లాస్టిక్ పలకలు పరిచేశాడు.

నిజం చెప్పాలంటే సీమోనుకూ నచ్చింది. దాని ముందు నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాడు. అమ్మ ఫోటో ఏదని అడగాలని మాత్రం కూటం నాటి పొద్దున తోచింది, కుర్చీలో పెట్టి దండ వేద్దామనుకున్నప్పుడు.

అచ్చాయమ్మ జన్మకల్లా దిగింది ఆ ఒక్క ఫోటోయే. కొడుకు బీయే పాసైన రోజు, ఊడ్పుల బురద కాళ్లు కడుక్కుని వెళ్లి, స్టూడియోలో బిర్రబిగుసుకుని నిలబడింది. ఇంకో కాపీ లేదు.

అటక మీద వెతికాడు. బీరువాలో వెతికాడు. చివరికి వీరబాబుకు ఫోన్ చేశాడు.

"ఆయ్, ఫోటోనాండీ మాస్టారూ? అది ఎక్కడికీ పోలేదండి. ఉన్నచోటే ఉందండి."

"ఉన్నచోటంటే?"

"గోడకేనండి, ప్యానెల్ వెనకాల. దాని మీద చెయ్యి వెయ్యొద్దన్నారు కదండీ మేడంగారు! జారిందంటే మాస్టారు చంపేస్తారన్నారు. మేం వెయ్యలేదండి. తమరేమో మేకుకి తీగేసి బిగించేసేరు. ప్యానెల్ కింద రెండంగుళాల చెక్క బద్దలు కొట్టేమండి, ఫ్రేము అందులో చక్కగా సరిపోయిందండి."

తుఫాను వచ్చిన ఏడు ఆ తీగ బిగించింది సీమోనే.

"ఇప్పుడు ఆ గోడ ముట్టుకున్నారంటే ఊరుకోను," అంది విజయకుమారి. "జనం వచ్చేవేళ. రేపు తీయిద్దాం."

"రేపు కూటం కాదే."

"ఆవిడ ఇంట్లోనే ఉన్నారుగా! అందరి ఫోటోలూ గోడ మీదుంటాయి, మనది గోడలో ఉంది. అంతే కదండీ."

సీమోను దండను మళ్లీ సంచిలో పెట్టేశాడు. సర్దుకుపోవడం ఆయనకు పాత అలవాటే.

వచ్చినవాళ్లంతా ముందు గోడను తడిమారు. "నిజం రాయేనాండీ?" "ప్యానెలండీ. తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటే చాలు." అచ్చాయమ్మ ప్రస్తావన మూడో పాట తరవాత గాని రాలేదు.

"అమ్మగారి ఫోటో కనబడదేం మాస్టారూ?" అన్నారు అయ్యగారు.

"కొత్త ఫ్రేముకి ఇచ్చేమండి," అంది విజయకుమారి.

"కంటికి కనబడకపోయినా మనకు దగ్గరలోనే ఉన్నారని నమ్ముదాం," అంటూ అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. సీమోను ఒక కన్ను తెరిచి పలక వైపు చూశాడు. ఎంత దగ్గరో ఆయనకు అంగుళాలతో సహా తెలుసు.

తరవాత, అచ్చాయమ్మతో కలిసి ఊడ్పులకెళ్లిన చిట్టి కర్ర ఊతతో లేచింది.

"ఈ గోడకి ఇటుక మోసింది అదేనండి. పగలు ఊడ్పులు, పొద్దు వాలేక ఇటుకలు. గోడ లేచేక లోపల పడుకుందా? ఎక్కడ! కొడుకు కోసం మాస్టర్లొస్తారని వెనక వసారాలో చాపేసేరు. ఒరే సీమోనూ, బతికినన్నాళ్లూ వెనకే పెట్టేవు. ఫోటో అయినా ముందుకి పెట్టరా నాయనా!"

సీమోను లేచి వంటింట్లోకి వెళ్లి అట్లకాడ తెచ్చాడు.

"ఏవండీ! జనం ఉన్నారండీ!"

"జనం కోసమే దాచేం విజయా. జనం ముందే తీస్తాను."

అట్లకాడ సందులో దూర్చి లాగితే పలక ఫట్‌మని విరిగింది. చెమ్మ వాసన గుప్పుమంది. నల్లబడ్డ గోడకు, తీగ మీద వేలాడుతూ అచ్చాయమ్మ. అద్దం లోపల నీటి బొట్లు; చీర వెలిసిపోయింది, ముఖం మాత్రం అలాగే బిగుసుకుని ఉంది. దండ తెచ్చి ఆ కంతలోకే వేశాడు సీమోను.

"ఇక్కడా వసారాయేనా అచ్చాయమ్మా నీకు?" అంది చిట్టి, ఫోటోతో.

ఆ డిజైను పలక మళ్లీ దొరకలేదు. విజయకుమారి ఆ కంతకు తెర కట్టింది. ఫ్రిజ్ మీద కొత్త కాగితం వెలిసింది: తెర ఉతకాలి.

అమలాపురం నుంచి ఆ కాలవగట్టు మీదుగా ఎప్పుడైనా వెళితే, ఆ ఇంట్లోకి తొంగిచూడండి. గోడ బాగుందనండి, విజయకుమారిగారు టీ ఇస్తారు. టీ తాగాక ఆ తెర కాస్త పక్కకు జరిపి, ఇటుకలు మోసిన అచ్చాయమ్మను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఇంట్లోవాళ్లు మరిచిపోతూ ఉంటారు.