గీకుడు మేస్త్రి ఫోను

ఆ ఉదయం ఆకాశం వానా కురవక, ఎండా కాయక, నీళ్ళెక్కువైన సున్నంలా పలచగా పరుచుకుని ఉంది. రంగులేసేవాళ్ళకు అంతకంటే పాడు ఆకాశం లేదు. వేసిన పూత ఆరదు, ఆరలేదని పని ఆపే వీలూ ఉండదు.

కొత్త మేడ కింది అంతస్తులో అన్నదమ్ములిద్దరూ పనిలోకి దిగారు. అన్నను అందరూ గీకుడు మేస్త్రి అంటారు. పాత గోడ దొరికితే ఇటుక కనిపించేదాకా గీకందే బ్రష్షు ముట్టడు. "పూత మీద పూత, దొంగ మీద దొంగ" అనేది అతని వేదం. అది విని విని తమ్ముడి చెవులు చిల్లులు పడ్డాయి. రంగు వేయడంలో అన్న ఘనుడే, కాదనడు. మిగతా లోకవ్యవహారంలో మాత్రం ఉత్త మట్టిబుర్ర అని తమ్ముడి అభిప్రాయం.

వెనక గోడకు పోయిన వారం వేసిన రంగు పొంగి, చెమ్మ మచ్చ బయటపడింది. గోడ లోపల గొట్టం కారుతోంది. చెమ్మ ఉందండీ అని ముందే మొత్తుకుంటే, ఫరవాలేదు వేసెయ్యండి అన్నది సూపర్‌వైజరే. ఎందుకైనా మంచిదని రంగు వేసేముందే అన్న ఆ చెమ్మను ఫోనులో ఫోటోలు దించి ఉంచాడు. ఇవాళ మధ్యాహ్నం సూపర్‌వైజర్ చూడ్డానికి వస్తున్నాడు. తప్పు గొట్టానిదని తేలితే పక్కన లేస్తున్న మేడ పని కూడా వీళ్ళకే. రంగుదని తేలితే వేరే ముఠాకి.

"ఈ పొంగు కూడా ఒకటి దించుదాం" అని అన్న ఫోను తీశాడు. జాగా లేదని ఫోను మొరాయించింది.

"ఒరే, నీదీ నాదీ ఒకే రోజు కొన్నాం కదరా. పెట్టె మీద రాసిన జాగా అంకె కూడా ఒకటే. నీ దాంట్లో ఊరంత ఖాళీ, నా దాంట్లో కాలు మోపే చోటు లేదేంటి?"

"నీ కంపెనీ వేరు, నా కంపెనీ వేరు."

"అయితే? ఎవడు కొలిచినా కుంచం కుంచమే కదా."

తమ్ముడు రోలరు పక్కన పెట్టాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"కుంచం కుంచమే అన్నా. నీ చేతికిచ్చే ముందే వాడు అందులో తన ఊక పోశాడు. అడుగున ఫోన్ని నడిపే సరుకు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. నా కంపెనీవాడు దాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చాడు. నీవాడు దాని మీద తన సోకులు పూశాడు. తన ఆటలు, తన అంగడి, తన వార్తలు. నువ్వు వాటిని ముట్టుకోవు, తీసేద్దామంటే అవి ఊడవు. పైగా ముందుముందు ఏవో మార్పులు దింపుకోవాలని ఇంకో గదికి తాళం వేసి పెట్టుకున్నాడు. ఇల్లు నీకమ్మి, గదుల్లో తన చుట్టాల్ని దింపాడు."

"మరి కొనేటప్పుడు చెప్పలేదేం?"

"వెనక నాలుగు కెమెరాలున్నాయని నువ్వు మురిసిపోతుంటే ఎవడు చెప్తాడు? పైన పటారం, లోన లొటారం."

అన్న కాసేపు ఫోనుకేసి చూశాడు. "పూతలంటున్నావుగా. పూతయితే గీకొచ్చు."

"అది గోడ కాదన్నా."

"నువ్వు నోర్మూసుకో. నీకెప్పుడూ పైపైన పులిమితే చాలు. నువ్వు లప్పం పెట్టిన గోడ చూసి తాపీవాళ్ళు కూడా నవ్వుతారు."

ఆ మాట తమ్ముడికి ముల్లులా దిగింది.

ఫోన్ని మొదటికి తెచ్చే మీట ఎక్కడుంటుందో ఫోను అమ్మిన అంగడివాడు ఒకసారి చూపించాడట. అన్న అక్కడికి చేరాడు. అతని లెక్కలో ఊడేవి కంపెనీ పూతలు. తాను దించిన ఫోటోలు సొంతానివి గనక అడుగున పదిలం. నిజం తలకిందులు. కంపెనీ సరుకే గోడ. ఫోటోలే పైపూత.

తెర మీద ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"ఏమంటోందిరా?"

ఫోటోలతో సహా అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ రావు, ఖాయమేనా అని ఉంది. తమ్ముడు మొత్తం చదివాడు. చెమ్మను సూపర్‌వైజర్ కళ్ళారా చూశాడు, ఫోటోలు లేకపోతే కొంపేమీ మునగదు. ఈ మహామేధావికి ఒక్కసారైనా బుద్ధి రావాలి.

"ఖాయమేనా అంటోంది" అన్నాడు.

"ఖాయం కాక?" అని అన్న నొక్కేశాడు.

ఫోను ఆరిపోయి, చాలాసేపటికి తళతళలాడుతూ లేచింది. ఫోటోల అర ఖాళీ. కంపెనీ చుట్టాలు మాత్రం ఒక్కడూ కదల్లేదు. ఎన్ని గదుల్లో ఉన్నారో అన్ని గదుల్లోనూ కాళ్ళు బారజాపుకుని ఉన్నారు.

"గీకావుగా, ఇటుక కనిపించిందా?" అన్నాడు తమ్ముడు.

అన్న ఫోటోల అరను మూసి తెరిచాడు, మూసి తెరిచాడు.

సూపర్‌వైజర్ వచ్చి పొంగును గోటితో గిల్లాడు. పెచ్చు ఊడి అతని బూటు మీద పడింది.

"ఇదేనా మీ పనితనం?"

"గొట్టం కారుతోందండీ. వేసేముందే చూపించాం కదా" అన్నాడు తమ్ముడు.

"నాకా? ఎప్పుడు?"

"మీరే కదండీ వేసెయ్యమంది."

"బావిలో దూకమంటే దూకుతావా? ఫోటోలున్నాయని మీ అన్న ఊదరగొట్టాడుగా. ఏవీ?"

"పోయాయండి" అన్నాడు అన్న.

"ఇవాళే పోయాయా! భలే." సూపర్‌వైజర్ మూతి ఒక పక్కకు లాగి నవ్వాడు. ఆ నవ్వు తమ్ముడికి కొత్త కాదు. పొద్దుటినుంచీ తన మూతి మీద ఉన్నదదే. "పక్క మేడకి వేరేవాళ్ళని చూసుకుంటాలే. ఈ గోడ మాత్రం బాగుచేసి పొండి."

అతను వెళ్ళాక అన్న గోడకేసి తిరిగి, మెల్లగా అడిగాడు.

"ఒరే, 'ఖాయమేనా' అన్న ఒక్క మాటకి అన్ని వరసల ఎర్ర అక్షరాలెందుకురా?"

తమ్ముడు రోలరు కోసం వెతుకుతున్నట్టు వంగాడు. రోలరు అతని కాళ్ళ దగ్గరే ఉంది.

వదిన అన్నం క్యారియర్‌తో వచ్చింది. "పక్క మేడ మనదేనా?" అంటూనే ఇద్దరి ముఖాలూ చూసి, ఇంకేమీ అడక్కుండా రంగు డబ్బాలు బోర్లించి పళ్ళేలు సర్దింది. ముగ్గురూ కూర్చున్నారు. అన్న తల ఎత్తకుండా తిన్నాడు. తమ్ముడు ముద్దలు లెక్కపెట్టినట్టు తిన్నాడు. ఎవరూ ఎవరినీ మంచినీళ్ళు కూడా అడగలేదు.