పడుకోమన్నారు

దుప్పటి నాలుగో కొసను పరుపు కిందికి దోపుతుండగా ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. మంచం పట్టె పట్టుకుని నిలదొక్కుకుంది. తెల్లవారుజాము నుంచీ ఒళ్ళు పేలిపోతోంది. అయినా చన్నీళ్ళతో మొహం కడుక్కుని డ్యూటీకి వచ్చేసింది. పరాయి దేశంలో, ఈ వృద్ధాశ్రమంలో పనికి చేరి ఇంకా నెలైనా నిండలేదు. ముసలివాళ్ళకు పక్కలు మార్చాలి, స్నానాలు చేయించాలి, నోటికి అందించి తినిపించాలి.

జ్వరమొస్తే పని మానొచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు. రావడానికి అలవాటుంటేగా! కాపురానికి వచ్చిన కొత్తలో టైఫాయిడ్ తగిలి ఓ మూల చాప మీద వాలితే, అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా చిన్నకోడలా, జ్వరం నీకొచ్చిందా, పొయ్యికొచ్చిందా?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆయనా నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వి లేచి, బియ్యం కడిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమెకు జ్వరం రావడం అందరూ మర్చిపోయారు. పచ్చి బాలింతగా ఉండి గంపెడు బట్టలు పిండి ఆరేసింది. "మా చిన్నకోడలు రాయి. దానికేం కాదు" అని అత్తగారు చుట్టాల దగ్గర చెప్పుకునేది. అది మెప్పే అనుకుంది. ఆ మెప్పు ఎక్కడ జారిపోతుందోనని, నడుం నొప్పినీ తలనొప్పినీ నోట్లోనే నమిలి మింగేసేది.

వెనకనుంచి నర్సు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చటుక్కున తీసేసి, నుదుటికి థర్మామీటరు ఆనించింది. అందులో అంకె చూడగానే ముఖం మారిపోయింది. ఆమె చేతిలోని దుప్పటి లాక్కుని ఏదో గట్టిగా అంది. ఇక్కడి భాషలో ఆమెకు నీళ్ళు, నొప్పి, లేవండి, కూర్చోండి లాంటి మాటలే వచ్చు. నర్సు మాటల్లో అవేవీ లేవు. ఆ కేక విని, అందరికీ పని పంచే పెద్దమేడం వచ్చింది. దగ్గరికి రాకుండానే తలుపు వైపు చెయ్యి చూపించింది.

"బాగానే ఉన్నాను మేడం, చేసేస్తాను" అని తెలుగులోనే బతిమాలుతూ ఆమె ఇంకో దుప్పటి అందుకోబోయింది. పెద్దమేడం తల అడ్డంగా ఊపి, ఏప్రాను విప్పించి, బయటి గేటు దాకా సాగనంపింది.

పని పోయింది. గదికి ఎలా చేరిందో తెలియదు. వణుకుతూనే సంచీ తీసి బట్టలు సర్దుకుంది. ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, పనిలోంచి తీసేశారు."

"తీసెయ్యడమేంటి? ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. జ్వరంగా ఉంటే నర్సు చూసి..."

"ఎదురు చెప్పావా?"

"నాకు వాళ్ళ భాషే రాదు కదండీ, ఎదురేం చెబుతాను?"

"అయితే మొహం మాడ్చుకుని ఉంటావ్. ఇంట్లో వేషాలు అక్కడ సాగవని చెప్పానా లేదా? వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకో. ఇక్కడ మేడ సగంలో ఆగి ఉంది, ఏమనుకుంటున్నావో!"

కాళ్ళు పట్టుకోవడానికైనా లేద్దామనుకుంది. లేవలేకపోయింది.

సాయంత్రం ఆమెతో గది పంచుకునే తెలుగామె వచ్చింది. ఆశ్రమం వంటింట్లో పని ఆమెది. నోరు మూతపడదని అందరూ రేడియో అంటారు.

"ఏంటే ఈ మూటాముల్లే? ఎక్కడికి ప్రయాణం?"

"తీసేశారక్కా."

రేడియో నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వింది. "తీసెయ్యలేదే పిచ్చిమొహమా! పడుకోమన్నారు."

"పడుకోవడమేంటి?"

"నడుం వాల్చి కళ్ళు మూసుకోవడం. అది కూడా నేర్పాలా నీకు? ఇక్కడ జ్వరంతో పనికి రావడమే తప్పు. మంచాల మీదున్న ముసలాళ్ళకి అంటుకుంటే? మూడు రోజులు గడప దాటొద్దంది పెద్దమేడం. జీతం కొయ్యరట కూడా."

"పడుకుంటే జీతమా?"

"పడుకున్నందుక్కాదే, జబ్బు చేసినందుకు. లే, జావ తాగు."

ఆమె లేవలేదు. సంతోషం రావాలి కదా, రాలేదు. చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. అయితే జ్వరమొస్తే పడుకోవచ్చా? పడుకున్నా ప్రపంచం మునిగిపోదా? దుప్పట్లు వేరెవరో మారుస్తారా? మరి ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో, గోడకు చేరబడి గిన్నెలు తోముతున్నప్పుడు, కళ్ళు ఎర్రబడి ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నప్పుడు, నుదుటి మీద ఒక్క చెయ్యి పడితే ఈ సంగతి తెలిసిపోయేది కదా. చెయ్యి వెయ్యాలని ఎవరికీ తోచలేదా? లేక తోచినా, వేస్తే పొయ్యి ఆరిపోతుందని వెయ్యలేదా? ముక్కూ మొహం తెలియని నర్సు ఒక్క క్షణంలో కనిపెట్టింది. మంచం పంచుకున్న మనిషికి ఇన్నేళ్ళయినా తెలియలేదు.

"ముందు మీ ఆయనకి చెప్పవే, కంగారు పడుతుంటాడు" అంది రేడియో, జావ కలుపుతూ.

ఫోన్‌లో సంగతంతా విని ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య, బతికించావ్! మూడు రోజులూ జీతం కూడానా? మరింకేం. ఊరికే కూర్చుని ఏం చేస్తావ్? ఎవరింట్లోనైనా గిన్నెలో, గుడ్డలో దొరుకుతాయేమో ఆ రేడియోని అడుగు. చేతికి నాలుగు డబ్బులొస్తాయి."

"జ్వరంగా ఉందండీ."

"ఎవరికి?"

ఆ మాట ఫోన్‌లోంచి బయటికే వినిపించి, రేడియో చేతిలో గరిట ఆగిపోయింది.

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. పొద్దున చెప్పింది. ఇందాకా చెప్పింది. ఆయన గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"హలో, ఎవరికే జ్వరం? ఆ ముసలాళ్ళకా?"

"నాకు" అంది ఆమె. "మూడు రోజులు ఫోన్ చెయ్యకండి. నేను పడుకుంటున్నాను."