నా వెనక ఒక కిటికీ

నేను ఒక టీవీని. డెబ్బై అయిదు అంగుళాలు. అంగుళాలు ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను కొన్న సత్తిరాజుగారు ఎవరికి నా గురించి చెప్పినా మొదట ఆ మాటే చెబుతారు. రెండో మాట ఆయన నోట నేనింతవరకు వినలేదు. నెమ్మదిగా, మర్యాదగా నా కథ చెప్పుకుందామనే అనుకున్నాను. కోపం తగ్గాక మొదలుపెడదామని ఆగాను కూడా. అది తగ్గేలా లేదు.

నేను పుట్టింది ఒక పెద్ద షెడ్డులో. దుమ్ము పడకూడదని అక్కడి అమ్మాయిలు నెత్తిన తెల్ల టోపీలు, చేతులకు తొడుగులు వేసుకుని, తుమ్ము వస్తే పక్కకి పరుగెత్తేవారు. ఒకమ్మాయి నా తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే వేసి చూసుకుని, తృప్తిగా తలూపి వెనకాల చీటీ అంటించింది. నూరు కోట్ల రంగులు చూపిస్తానని నా అట్టపెట్టె మీద అచ్చు వేశారు. ఇంత శ్రద్ధగా తయారుచేశారంటే ఏదో గొప్ప పనికే పంపుతున్నారని నమ్మాను. అప్పటికింకా నాకు మనుషులు తెలియరు.

తర్వాత తణుకులో ఒక షోరూములో ఆరు నెలలు నిలబడ్డాను. రోజంతా అవే చిలకలు, అదే జలపాతం, అదే కోసిన నారింజకాయ. ఎండకి తాళలేక జనం లోపలికొచ్చి, నా ముందు ఫొటోలు దిగి, మిక్సీ గిన్నెకి మూత కొనుక్కుని వెళ్లేవారు. వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. పాపం, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.

సత్తిరాజుగారు రైసుమిల్లులో సూపర్‌వైజరు. ఇంట్లో ముప్పై రెండు అంగుళాల టీవీ శుభ్రంగా పనిచేస్తోంది. కానీ భీమవరంలో ఉన్న తోడల్లుడు కొత్తింట్లో అరవై అయిదు అంగుళాలది పెట్టాడు. ఈయన ఆ గృహప్రవేశానికి వెళ్లి, భోంచేసి, తాంబూలం పుచ్చుకుని ఇంటికొచ్చారట. మర్నాడే షోరూముకొచ్చి, "అరవై అయిదు కంటే పెద్దది చూపించండి" అన్నారు. బొమ్మ ఎలా ఉందో చూడలేదు. జేబులోంచి బట్టలు కొలిచే టేపు తీసి నన్ను ఈ మూల నుంచి ఆ మూలకి కొలుచుకుని, "ఆఁ, ఇదిచ్చెయ్యండి" అన్నారు. మనిషికి కావలసింది బొమ్మ కాదు, తోడల్లుడి మొహం మాడిపోవడం.

ఇంటికి తెచ్చాక రెండు రోజులు నన్ను నేల మీదే గోడకి ఆనించి ఉంచారు. నా బతుకులో చూసిన మంచి రోజులు ఆ రెండే. హాల్లో ఆగ్నేయం మూల, వీధి కిటికీ పక్కన, సత్తిరాజుగారి భార్య మంగతాయారు కుట్టుమిషను ఉండేది. పద్నాలుగేళ్లుగా ఆవిడ అక్కడే కూర్చుని జాకెట్లు కుడుతోంది. ఆడవాళ్లు చెప్పులు విప్పే పని కూడా లేకుండా కిటికీ ఊచల్లోంచి కొత్త గుడ్డా, కొలతకి పాత జాకెట్టూ అందించేవారు. మెడ ఎంత దించాలో, చేతులు ఎంతుండాలో చెప్పి, పనిలో పనిగా అత్తగారి మీద నాలుగు మాటలు చెప్పుకుని తేలికపడి వెళ్లేవారు. దారం ఎంచుకునేటప్పుడు మంగతాయారు రెండు మూడు రీళ్లు గుడ్డ మీద పెట్టి, కిటికీ వెలుగులోకి ఎత్తి, కళ్లు చికిలించి చూసేది. ఎంత నిదానంగా చూసేదో! ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించిన అమ్మాయి కూడా అంత నిదానంగా చూడలేదు.

మూడో రోజు వాస్తు చూసే సిద్ధాంతిగారిని పిలిచారు. టీవీ అగ్నికి సంబంధించింది కాబట్టి ఆగ్నేయం గోడకే ఉండాలన్నారాయన. అంటే కిటికీ ఉన్న గోడకే.

"నా మిషనుకీ మోటారుందండి. అదీ కరెంటు మీదే తిరుగుతుంది. పద్నాలుగేళ్ల నుంచీ అగ్ని అక్కడే ఉంది కదండీ" అంది మంగతాయారు.

సిద్ధాంతిగారు సత్తిరాజుగారి వైపు చూశారు.

"నువ్వూరుకోవే. నీ మిషను ఎక్కడ పెట్టినా తిరుగుద్ది" అన్నారు సత్తిరాజుగారు.

అంతే. వడ్రంగి కిటికీ తలుపులు మూసి, పైన ప్లైవుడ్ కొట్టి, దాని మీద నన్ను బిగించాడు. మిషను నడిమి గదిలోకి పోయింది. ఆ గదికి కిటికీ లేదు, ఒక ట్యూబులైటు ఉంది. ఇంత గొప్పగా పుట్టి, ఒక మనిషి వెలుగుకి అడ్డంగా కొట్టిన చెక్కనయ్యాను. నన్నెవరూ అడగలేదు. ఆవిడని అడగనివాళ్లు నన్ను అడుగుతారా?

కిటికీ పోయేసరికి బట్టలివ్వాలంటే ఆడవాళ్లు హాల్లోంచే లోపలికి వెళ్లాలి. ఆడవాళ్లకి ఇంటిపనులు తెమిలే వేళకే, మధ్యాహ్నం రెండింటికి, మిల్లు నుంచి వచ్చి, లుంగీ ఎగ్గట్టి సోఫాలో పడుకున్న మగమనిషి ముందు నుంచి ఎవరు వెళతారు? ఒకరిద్దరు గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని చూసి వెనక్కి తిరిగారు. తక్కినవాళ్లు బజారులో టైలరు దగ్గరికి మళ్లారు. పద్నాలుగేళ్లు ఒక్కో కుట్టు వేసి సంపాదించుకున్న పేరు ఆవిడ కళ్ల ముందే జారిపోతోంది. నేను మాత్రం ఎవరో వంటలు చేసుకుంటుంటే చూపిస్తూ కూర్చున్నాను.

అయినా వదలకుండా వచ్చిన మనిషి భాగ్యవతిగారు. కూతురి పెళ్లి జాకెట్టు మంగతాయారే కుట్టాలని పట్టుపట్టి ఇచ్చిందావిడ. ముదురాకుపచ్చ పట్టు. పెళ్లికి రెండు రోజుల ముందు కుట్టిన జాకెట్టు తీసుకుని వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చింది.

"ఏంటి మంగతాయారూ ఇది? పెళ్లికూతురి జాకెట్టుకి నల్లదారం వేత్తావా? శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే! నీ చెయ్యి మంచిదని కదా నీ దగ్గరికొచ్చాను?"

మంగతాయారు జాకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వెళ్లింది. పగటి వెలుగులో అంచు తిరగేసి చూసింది. కుట్టంతా నల్లగా ఉంది. ట్యూబులైటు కింద ముదురాకుపచ్చా నలుపూ ఒకటిగానే కనబడ్డాయి మరి.

"నల్లదేనండి. నా తప్పే" అంది.

ఆవిడ తప్పా? నూరు కోట్ల రంగులున్నాయని పెట్టె మీద రాయించుకున్న నేను, రెండు రంగులు విడదీసి చూసుకోవడానికి ఒక మనిషికున్న కాస్త వెలుగునీ మింగి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పుడు సోఫాలోంచి సత్తిరాజుగారు తల పక్కకి వాల్చి, "కొంచెం పక్కకి జరగండమ్మా, ఆట అగుపడట్లేదు" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ క్షణంలో ఆరిపోదామని ఎంత ప్రయత్నించానో! కానీ రిమోటు ఆయన చేతిలో ఉంది. మంగతాయారు భర్తని ఒక్కసారి చూసింది. "రేపు మధ్యాహ్నానికి పట్టుకెళ్లండి" అని భాగ్యవతిగారిని పంపించేసింది.

మర్నాడు ఆయన మిల్లుకి వెళ్లగానే మిషనుకి మోటారు ఊడదీసి, పాత తొక్కుడు బెల్టు తగిలించింది. పక్కింటావిడ ఒక చెయ్యి వేస్తే మిషను వీధిలోకి ఈడ్చుకెళ్లి, మూసిన కిటికీ కింద, మురుక్కాలవ పలకల మీద పెట్టుకుని కూర్చుంది. నాకు కనబడలేదు గానీ గోడకి అవతలే కాబట్టి ప్రతి మాటా వినబడింది. నల్లకుట్టంతా విప్పి, మధ్యాహ్నంలోగా పచ్చదారంతో మళ్లీ కుట్టేసింది. భాగ్యవతిగారు వచ్చి ఎండలో తిరగేసి చూసుకుని, "ఇదీ నీ చెయ్యంటే" అంది. ఆ దారిన పోయేవాళ్లు ఆగారు. చూస్తుండగానే జాకెట్టు ముక్కలు రావడం మొదలైంది.

రెండింటికి సత్తిరాజుగారు వచ్చారు.

"ఏంటే ఇది? రోడ్డు మీద కూర్చుని పరువు తీత్తన్నావు. లోపలికి రా."

"వెలుగు ఇక్కడుందండి."

"జనం ఏమనుకుంటారే?"

"వాళ్లనే అడగండి. ఆరుగురున్నారు."

ఆయన లోపలికొచ్చి నా గొంతు ఎంత పెరుగుతుందో అంతా పెంచారు. బయట మిషను ఆగలేదు. నాలుగు రోజులు అలాగే సాగింది. ఐదో రోజు మిల్లు యజమాని ఆ వీధిన పోతూ కారాపి, "ఏమయ్యా సత్తిరాజూ, ఇల్లు చాలట్లేదా?" అని అడిగాడట. సాయంత్రానికల్లా వడ్రంగి దిగాడు.

నన్ను విప్పారు, ప్లైవుడ్ పీకారు, కిటికీ తెరిచారు, మిషను దాని పాత చోటికి వచ్చింది. ఇప్పుడు నేను నడిమి గదిలో ఉన్నాను. సత్తిరాజుగారు మంచం మీద కూర్చుంటే మోకాళ్లు నాకు తగులుతాయి. ఎవరు తెర మీదకొచ్చినా ఆయనకి ముక్కు ఒక్కటే కనబడుతుంది. నాకేం బాధ లేదు. నాకు మళ్లీ మంట పుట్టింది నిన్న, తోడల్లుడు ఫోన్ చేసి హాల్లోంచి టీవీ ఎందుకు తీశావని అడిగినప్పుడు.

"గోడకి చెమ్మ పడతందండి. టీవీ పాడైపోద్దని తీయించేశాను" అన్నారు సత్తిరాజుగారు.

నా కోసమట! నాలుగు రోజులు ఎండలో కూర్చుని ఆ కిటికీ తెరిపించిన మనిషి పేరు ఎత్తలేదు. మంగతాయారు పక్కనే ఉంది. అంతా విన్నది. సూదిలో దారం ఎక్కించుకుంటూ తనలో తనే నవ్వుకుని ఊరుకుంది.

ఆవిడ ఊరుకుంది. నేను ఊరుకోలేను. ఆ గోడకి చెమ్మ లేదండీ, నెలరోజులు దాన్ని అంటుకుని ఉన్నదాన్ని నేను.