మొదటి పేజీలో ‘పోయింది’

‘పోయింది’ అన్న మాటను ఆమె మళ్ళీ తీసుకొచ్చి మొదటి పేజీలో పెట్టింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. ఆమె పెట్టడం, పక్క గదిలోంచి మేనేజరు దాన్ని తీసి అక్షరక్రమంలోకి తోసేయడం.

రక్తపరీక్షల కేంద్రాల్లో కౌంటరు దగ్గర వాడే సాఫ్ట్‌వేరు అది. దాన్ని ఎలా వాడాలో చెబుతూ అందులోనే తెరుచుకునే పుస్తకం రాయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. కౌంటర్ల నుంచి సాయం కోసం వచ్చే ఫోన్లూ ఆమే తీస్తుంది. ఆఫీసులో అందరూ సూచికమ్మ అంటారు, అదీ మొహం మీదే. ఇంట్లో స్విచ్చుల కింద కూడా ఏది నొక్కితే ఏది వెలుగుతుందో చీటీలు అంటించింది. “నాకూ ఒకటి అంటించవే, ఎక్కడ నొక్కితే మాట వింటానో రాసి” అంటాడు భర్త.

ఇవాళ ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. కొత్త పుస్తకం సాయంత్రం ఐదింటికి అన్ని కేంద్రాలకూ వెళ్తుంది. ఎవరు పేర్చిన వరుసలో వెళ్తుందన్నదే గొడవ.

మేనేజరు ఇక ఉండబట్టలేక లేచొచ్చాడు. ఆమె కొడుకు వయసువాడు.

“మేడమ్, వెళ్ళేరోజు కూడా ఈ పేచీ ఎందుకండీ? ‘పోయింది’, ‘కదలట్లేదు’, ‘రెండుసార్లు పడింది’... ఇవి శీర్షికలా? అనుభవం ఉన్నవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీ బాబూ. నవ్వేవాళ్ళకి పుస్తకం అక్కర్లేదు.”

ఆమె ఒక ఉత్తుత్తి రోగి వివరాలు ఎక్కించి, చెరిపేసి, అక్షరక్రమం పుస్తకం అతని ముందు తెరిచింది. “వెనక్కి తెప్పించు, చూద్దాం.”

అతను ‘చెరిపివేత’ కోసం వెతికాడు. లేదు. ‘తొలగింపు’లో ఎలా తీసేయాలో ఉంది గానీ, ఎలా తెచ్చుకోవాలో లేదు. ‘వెనక్కి’ అన్న మాటే లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“‘పునరుద్ధరణ’లో ఉంది. నీకే తట్టలేదు, మొదటిరోజు కౌంటర్లో కూర్చున్న పిల్లకి ఎలా తడుతుంది?”

ఆ పిల్ల ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళ వయసులో తనే. అలాంటి కౌంటర్లో చేరిన రోజునే ఒక ముసలావిడ వివరాలు మాయమయ్యాయి. పుస్తకమంతా తిరగేసినా దారి దొరకలేదు. ఏ రక్తం సీసా ఆవిడదో తెలియక, ఆ సన్నటి చేతికి రెండోసారి సూది గుచ్చారు. “పర్లేదులే తల్లీ” అంది ఆవిడ. ఆవిడ అలా అన్నందుకే ఈమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

“మీరు వెళ్ళగానే మార్చేస్తాను” అన్నాడు మేనేజరు.

“మార్చుకో. నేనున్నంతసేపూ ఇదే వరుస.”

ఐదింటికి ఆమె వరుసలోనే పుస్తకం వెళ్ళింది. గుర్తింపు కార్డు అప్పజెప్పి, బస్సుకి టైమైందంటూ ఆమె మెట్లు దిగిపోయింది.

మేనేజరు వరుస మార్చి మళ్ళీ పంపడానికి ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. ఇంతలో ఫోను మోగింది. బల్ల మీదున్న ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

“హలో అండీ, నేను ఇవాళే చేరాను. ఒకాయన వివరాలు ఎక్కించాను, అంతా పోయిందండీ! ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నారు...” ఆ పిల్ల గొంతులో ఏడుపు.

అతను తెర మీదున్న ఆమె వరుస వైపు చూశాడు.

“మొదటి పేజీ చూడమ్మా.”

“ఆఁ... ఉందండీ! వచ్చేసిందండీ!”

అతను ఏమీ మార్చకుండానే కంప్యూటరు కట్టేశాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని ఎడమ చెవి వైపు స్పాంజి పూర్తిగా అరిగిపోయి, లోపలి గుడ్డ కనిపిస్తోంది.